ఎంగిలి కాని తుపాకీ

లీడ్స్,
సెప్టెంబరు 1.

బర్మింగ్‌హామ్ తుపాకుల మ్యూజియంలో మన తెలుగు పిల్ల పని చేస్తోందని విని కుర్చీలోంచి లేచి నిలబడ్డ వెంకటసుబ్బారావు, ఆ పిల్లకి ఆశీస్సులు పంపుతూ రాసేది:

అమ్మాయీ మనస్వినీ,

నేనెవరో నీకు తెలియదు. మీ వీధి చివర ఉండే హైమ మా ఆవిడ ప్రభావతికి వేలువిడిచిన చెల్లెలు. నీ గురించి చెప్పింది హైమే. "పిల్ల బుద్ధిమంతురాలే బావగారూ, కాకపోతే పొద్దస్తమానం తుపాకుల గురించే మాట్లాడుద్ది" అంది. నాకు సరిగ్గా అలాంటి బుద్ధిమంతురాలే కావాలి.

నేను లీడ్స్ తెలుగు మిత్ర మండలి అధ్యక్షుణ్ణి. ఎన్నిక పెట్టిన ప్రతిసారీ మిగతావాళ్ళందరికీ హఠాత్తుగా ఆఫీసు పని తగులుతుంది కాబట్టి చాలా ఏళ్ళుగా నేనే అధ్యక్షుణ్ణి. ఏటా దసరాకి కమ్యూనిటీ హాల్లో అమ్మవారిని నిలబెట్టి, మహర్నవమి నాడు ఆయుధ పూజ చేస్తాం. పేరుకి ఆయుధ పూజే గానీ అందులో ఆయుధం ఉండదు. ఎవరి వృత్తికి ఏది ఆధారమో వాళ్ళకి అదే ఆయుధమని సర్దిచెప్పుకుని లాప్‌టాప్‌లు, కారు తాళాలు పెట్టేవాళ్ళం. కిందటేడు మా కోశాధికారి క్రాంతి ఇంకో అడుగు ముందుకేసి ఇంట్లో దుమ్ము పీల్చే హూవర్ మిషను మోసుకొచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు. మా మనవరాలు సిరి ఇక్కడే పుట్టిన పిల్ల, ఏడేళ్ళది. హారతి వేళ హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు "తాతా, ఈజ్ షీ గోయింగ్ టు హూవర్ ద డీమన్?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అందుకని ఈ ఏడు ఒక్క నిఖార్సయిన ఆయుధం పూజలో ఉండాలని నా పట్టు. మీ మ్యూజియం నుంచి ఒక పాత తుపాకీ ఆ నాలుగు రోజులకీ అరువిప్పించాలి. మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, అరువు వ్యవహారమంతా కాగితం మీద రాసి, సిరాతో సంతకం పెట్టి, పోస్టులో పంపాలన్నారు. ఈ దేశంలో ఇన్నాళ్ళకి నాకు నచ్చిన ఆఫీసు ఒకటి కనపడింది. మండలి ఉత్తరాలన్నీ తెలుగులోనే ఉండాలని మాకో తీర్మానం ఉంది కనుక మీ వాళ్ళకి అర్థం చెప్పే బాధ్యత నీదే.

చేతిలో హూవర్‌తో నిలబడ్డ దుర్గమ్మ తరఫున,
వెంకటసుబ్బారావు

తా.క. ఏ తుపాకీ అయినా ఫరవాలేదు గానీ మైల, ఎంగిలి తగలనిది చూడమని ప్రభావతి రాయమంది. తుపాకీకి ఎంగిలేమిటే పిచ్చిదానా అని నవ్వాను.


బర్మింగ్‌హామ్,
సెప్టెంబరు 5.

ముఖం చూడకపోయినా ఉత్తరంలోనే గొంతు వినిపించిన వెంకటసుబ్బారావు అంకుల్‌కి, ప్రభావతి ఆంటీకి నమస్కారాలు.

అంకుల్, మీ ఉత్తరం చదివి మా డైరెక్టర్ గ్రిమ్‌షా గారి గదిలోకి పరుగెత్తాను. ఎందుకో దాచకుండా చెబుతాను. నా ఉద్యోగం డిసెంబరు వరకే. నా జీతం ఇచ్చేది ఒక ట్రస్టు. వాళ్ళు దాన్ని పొడిగించాలంటే, మ్యూజియం గోడలు దాటి ఏదైనా ఒక సమాజంతో కలిసి నేను పని చేసినట్టు కనపడాలట. మా వస్తువు మీ దగ్గరికి రావాలి, చెప్పిన రోజుకి తిరిగి రావాలి, దాని మీద మచ్చ పడకూడదు. అలా జరిగితే నాకు ఉద్యోగం ఉంటుంది. ఉద్యోగం ఉంటేనే వీసా ఉంటుంది.

ఇది పోతే ఇంకోటి వెతుక్కోవచ్చుగా అని అందరూ అంటారు. నాకీ పనే ఇష్టం అంకుల్. నేను ఎమ్మేలో రాసిన థీసిస్ కూడా, పంతొమ్మిదో శతాబ్దంలో తుపాకీని మూతి వైపు నుంచి కాకుండా వెనక వైపు నుంచి నింపడం ఎలా నేర్చుకున్నారన్న దాని మీదే. మా అమ్మకి ఆ మాట చుట్టాలతో చెప్పడం సిగ్గు. "మా పిల్లది పాత సామాన్ల ఆఫీసు" అని చెబుతుంది. నేను ఇంగ్లండులో పాత ఇనుము కొంటున్నానని గుంటూరంతా అనుకుంటోంది.

మీకోసం ఒక ఎన్‌ఫీల్డ్ తుపాకీ తీసి పెట్టాను. 1853 నాటి నమూనా. ఇప్పుడు పేలదు, భయం లేదు. చాలా అందమైనది. దీన్ని నింపే పద్ధతి పిల్లలకి చెబితే సరదా పడతారు. సిపాయి కాగితపు తూటాని పళ్ళతో కొరికి చింపి, మందుని గొట్టం మూతిలో పోసి, గుండు దిగేసి, కడ్డీతో కూరేవాడు.

మీ పూజ మీదే ఆశ పెట్టుకున్న,
మనస్విని

తా.క. మీ ఉత్తరం అనువాదం చేసి గ్రిమ్‌షా గారికి ఇచ్చాను. అంతా చదివి, కళ్ళజోడు తీసి, "హూవర్ వల్ల పనయిందా?" అని అడిగారు.


లీడ్స్,
సెప్టెంబరు 9.

కొంపలంటుకున్నంత కంగారులో ఉండి కూడా నీ క్షేమం కోరడం మరిచిపోని వెంకటసుబ్బారావు రాసేది:

అమ్మాయీ,

పళ్ళతో కొరికి? నీ ఉత్తరం నేను కమిటీ ముందు గట్టిగా చదువుతున్నాను. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ప్రభావతి వంటింట్లోంచి అట్లకాడతో వచ్చి నిలబడింది. "ఎవడో నోట్లో పెట్టుకు కొరికిందాన్ని గొట్టంలో కూరి, ఆ గొట్టాన్ని అమ్మవారి ముందు పెడతారాండీ? అదెంత అందంగా ఉంటే నాకేంటి? ఎంగిలి తుపాకీకి నేను హారతివ్వను, మీరే ఇచ్చుకోండి" అంది.

మొదటి ఉత్తరంలో నవ్వినందుకు నాకు ఆ పూట కాఫీ రాలేదు.

క్రాంతి "యాంటీబాక్టీరియల్ వైప్స్‌తో తుడిస్తే పోదా అంకుల్?" అన్నాడు. ఎంగిలంటే సూక్ష్మక్రిమి అనుకునేవాడు కోశాధికారిగా ఉండడానికి వీల్లేదని దసరా అయ్యేవరకు వాణ్ణి పక్కన పెట్టాం. నేను మాత్రం రాత్రంతా ఆలోచించాను తల్లీ. సిపాయిలు తిరగబడ్డది తూటాలకి రాసిన కొవ్వు గురించి అని బడిలో చదువుకున్నాం. కొవ్వు సంగతి అందరూ రాశారు. ఆ ఎంగిలి సంగతి ఏ చరిత్రకారుడూ రాయలేదేం? ప్రభావతిలాంటి మనిషి ఒక్కరు ఆ తెల్లదొరల కమిటీలో ఉంటే ఆ తుపాకీని మొదట్లోనే తిప్పి పంపేవారు.

నీ ఉద్యోగం పోకూడదు. మాకు తుపాకీ ఉండాలి. మనిషి నోరు తగలని తుపాకీ ఏదైనా ఉంటే వెంటనే రాయి.

నీ మేలు, అమ్మవారి మడి రెండూ కోరే,
వెంకటసుబ్బారావు

తా.క. క్రాంతి ఫోన్ చేసి ఫోర్కుతో చింపిన తూటా అయితే ఫరవాలేదా అని అడిగాడు. వాణ్ణి పక్కన పెట్టే గడువు సంక్రాంతి దాకా పెంచాం.


బర్మింగ్‌హామ్,
సెప్టెంబరు 13.

నా థీసిస్‌కి ఇన్నేళ్ళకి అసలు కారణం చూపించిన అంకుల్‌కీ, అట్లకాడ పట్టుకున్న ఆంటీకీ దూరం నుంచే దణ్ణం.

అంకుల్, మీరు అడిగినదాని కోసమే ఇంగ్లండు, అమెరికా, ఫ్రాన్సు, ప్రష్యా కలిసి ఒక శతాబ్దం తలలు బద్దలు కొట్టుకున్నాయి. తుపాకీని వెనక నుంచి నింపితే కొరకడం, మందు పోయడం, కూరడం ఏవీ ఉండవు. సిపాయి నిలబడక్కర్లేదు, నేల మీద పడుకునే నింపుకోవచ్చు. వేగంగా కాల్చడానికి ఇదంతా చేశారని మేము పుస్తకాల్లో రాస్తాం. ఎంగిలి తప్పించడానికని ఒక్కరూ రాయలేదు.

గ్రిమ్‌షా గారికి ఎంగిలికి ఇంగ్లీషు మాట చెప్పలేక ఒక పూటంతా గింజుకున్నాను. చివరికి "ఒకరి నోరు తగిలినందువల్ల ఇంకొకరికి పనికిరాకుండా పోవడం" అని రాశాను. ఆయన అది రెండుసార్లు చదివారు. ఆ తర్వాత తన కాఫీ కప్పు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. అందులో మేమందరం తాగుతామని ఆయనకి ఎప్పట్నించో అనుమానమట.

మీకు స్నైడర్ తుపాకీ పంపుతాను. ఇందులో ఇబ్బందేమీ ఉండకూడదు. 1866లో వచ్చిన పద్ధతి. సైన్యం దగ్గర పాత ఎన్‌ఫీల్డులు లక్షల్లో ఉంటే పారేయడం ఎందుకని, గొట్టం వెనక భాగం కోసేసి, పక్కకి తెరుచుకునే తలుపు ఒకటి బిగించారు. ఆ తలుపు తీసి తూటా పెట్టడమే. పళ్ళతో పనే లేదు.

మీరు సరేనంటారని గట్టిగా నమ్ముతూ,
మనస్విని

తా.క. మీ ఉత్తరాలు ఫైల్లో పెడుతుంటే గ్రిమ్‌షా గారు "దిసీజ్ ద బెస్ట్ లోన్ ఫైల్ వియ్ హావ్" అన్నారు. మామూలుగా మా ఫైళ్ళలో తేమ శాతం తప్ప ఏమీ ఉండదు.


లీడ్స్,
సెప్టెంబరు 16.

నిద్రలేని కళ్ళతో, అయినా నిన్ను తిట్టకూడదని ఒట్టు పెట్టుకుని వెంకటసుబ్బారావు రాసేది:

అమ్మాయీ,

నీ నిజాయితీయే మన కొంప ముంచింది. "పాత ఎన్‌ఫీల్డు గొట్టం కోసి తలుపు బిగించారు" అని రాయకపోతే నీ సొమ్మేం పోయింది?

విషయం సదాశివం గారి దాకా వెళ్ళింది. మా పూజలు చేయించే ఆయన లండన్ దగ్గర హేస్‌లో ఉంటారు. రోటాలో, అంటే డ్యూటీ పట్టీలో, పేరున్న రోజుల్లో ఎయిర్‌పోర్టు కార్గోలో పని, పేరు లేని రోజుల్లో పౌరోహిత్యం. బ్రేక్ టైములో వీడియో కాల్ చేశాం. వెనకాల సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్టుల మోత. ఆయన అంతా విని, "వెనకాల కొత్త తలుపు పెట్టారు సరే. మూతి పాతదే గదండీ? ఎంగిలి పోసింది మూతిలోనే గదండీ? పెరట్లో కొత్త తలుపు పెట్టించినంత మాత్రాన వీధి గుమ్మం మైల పోద్దా?" అన్నారు.

కాబట్టి పుట్టుకతోనే వెనక తలుపు ఉన్న తుపాకీ కావాలి. మూతి పుట్టిన దగ్గర్నుంచీ ఏమీ తినకుండా ఉండాలి. ప్రభావతి ఇంకోటి అడగమంది. అసలా తూటాలో కొవ్వు ఏమైనా ఉండేదా? ఉంటే ఏ జంతువుది? సరిగ్గా కనుక్కుని రాయి. ఈసారి నువ్వు చెప్పిన తుపాకీ తప్పితే మాకు మిగిలేది హూవరే. హూవర్ పెడితే నీ ట్రస్టు వాళ్ళకి చూపించడానికి ఏమీ ఉండదు. నా బాధ నాకంటే నీ గురించే ఎక్కువైంది తల్లీ.

సదాశివం గారి బ్రేకుల కోసం ఎదురు చూసే,
వెంకటసుబ్బారావు

తా.క. క్రాంతిని సంక్రాంతి దాకా ఆపాం గదా, ఖాళీగా ఉండి వెయ్యి మాటలు మాట్లాడుతున్నాడు. నిన్న అడిగింది: వెనక నుంచి తినే జంతువు ఏదైనా ఉందా అంకుల్?


బర్మింగ్‌హామ్,
సెప్టెంబరు 20.

ఇంత శ్రద్ధగా తుపాకీ గురించి ప్రశ్నలు వేసే మనుషులు నాకు యూనివర్సిటీలో కూడా దొరకలేదు. అలాంటి మీ ఇద్దరికీ నమస్కారాలు.

అంకుల్, దొరికింది. మార్టినీ-హెన్రీ. 1871లో సైన్యంలోకి వచ్చింది. ఇది దేన్నీ కోసి అతికించింది కాదు, పుట్టుకతోనే వెనక తలుపు ఉన్నది. కింద ఉన్న పిడి లాగితే లోపల దిమ్మ కిందికి వాలుతుంది. దాని మీదుగా తూటా లోపలికి జారుతుంది. పిడి మూస్తే దిమ్మ లేచి తలుపు బిగుసుకుంటుంది. అంతకుముందు వెనక తలుపు తుపాకుల్లో సందులోంచి నిప్పూ పొగా సిపాయి మొహాన కొట్టేవి. దీని తూటా ఇత్తడిది. పేలినప్పుడు ఆ ఇత్తడి ఉబ్బి సందు మూసేస్తుంది, పొగ బయటికి రాదు. ఆంటీ అడిగిన కొవ్వు సంగతి కూడా చూశాను. గుండు వెనక వేసే బిళ్ళ తేనెమైనంతో చేసినది.

ఇక నా వైపు మాట వినండి. గ్రిమ్‌షా గారు స్వయంగా పూజకి వస్తున్నారు. నా పొడిగింపు గురించి ట్రస్టుకి రాయాల్సింది ఆయనే. అందుకని ఈ షరతులు దయచేసి గోడకి అంటించండి. తుపాకీ అద్దాల పెట్టెలో ఉంటుంది. దానికి పసుపు, కుంకుమ, నూనె, నిమ్మరసం, కొబ్బరినీళ్ళు తగలకూడదు. కర్పూరం దూరంగా వెలిగించాలి. మా వాళ్ళు వచ్చి బిగించి వెళ్ళాక మ్యూజియం సిబ్బంది తప్ప ఎవరూ పెట్టెని ముట్టుకోకూడదు, ఒక్క అంగుళం కూడా కదపకూడదు. వీటిలో ఏది తప్పినా నా ఉద్యోగం పోయినట్టే. మీరు పెద్దవారు, ఇంతకంటే చెప్పలేను.

మీ చేతుల్లో ఉన్న,
మనస్విని

తా.క. పూజకి ఏం వేసుకోవాలని గ్రిమ్‌షా గారు అడిగారు. చెప్పులు విప్పాలని మాత్రం చెప్పాను. కొత్త సాక్సు కొనుక్కున్నారు.


లీడ్స్,
అక్టోబరు 4.

పూజ దివ్యంగా జరిగిందని, కాకపోతే చిన్న చిక్కు వచ్చిందని చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ వెంకటసుబ్బారావు రాసేది:

అమ్మాయీ,

ముందు మంచి కబురు. ఇత్తడి, తేనెమైనం అన్న మాటలు వినగానే ప్రభావతి తలాడించి, "ఆయ్, ఇది మన ఇంటి తుపాకీయేనండీ" అంది. జనం హాలు పట్టకుండా వచ్చారు. ఒక్క చుక్క నూనె తగల్లేదు. ఒక్క కుంకుమ రేణువు పడలేదు. పెట్టెకి పెట్టాల్సిన బొట్టు పెట్టె పక్కన కూర్చున్న మీ గ్రిమ్‌షా గారికి పెట్టాం. పులిహోర మూడోసారి అడిగి పెట్టించుకున్నారు. నవమి సాయంత్రం రైలుకి వెళ్ళిపోయారు.

ఇక చిక్కు. సదాశివం గారు శాస్త్రోక్తంగా తుపాకీలోకి కూడా అమ్మవారిని ఆవాహన చేశారు. దశమి నాడు ఉద్వాసన చెప్పాలి. అంటే మంత్రం చెబుతూ ఆ వస్తువుని ఈశాన్యం వైపు కాస్త కదపాలి. అప్పుడే అమ్మవారు బయల్దేరతారు. కలశాన్ని కదిపాం, అయిపోయింది. "ఇక తుపాకీని కదపండి" అన్నారాయన. నేను చెయ్యి చాపాను. గోడ మీద నీ కాగితం కనపడింది. ప్రభావతి నా చెయ్యి పట్టుకుని, "ఆ పిల్ల ఉద్యోగం అండీ" అంది. హాలంతా నిలబడి చూస్తోంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అందుచేత అమ్మవారు ఇంకా తుపాకీలోనే ఉన్నారు. ఉద్వాసన చెప్పకుండా గుమ్మం దాటిస్తే మహాపరాధమని సదాశివం గారు ఖండితంగా చెప్పి, షిఫ్టుకి టైమైందని వెళ్ళిపోయారు. సోమవారం మీ వాన్ వస్తే మాత్రం తుపాకీని ఇవ్వలేం. ఏమీ అనుకోకు.

నీ షరతులు తు.చ. తప్పకుండా పాటించిన,
వెంకటసుబ్బారావు

తా.క. శుక్రవారాలు ఆ హాల్లో జుంబా డాన్సు క్లాసు ఉంటుంది. లోపల దేవత ఉన్నారని వాళ్ళకి చెప్పాం. పాపం మంచివాళ్ళు, పాట సౌండు తగ్గించి, చివర్లో పెట్టె చుట్టూ ప్రదక్షిణంగా డాన్సు చేసి వెళ్ళారు.


బర్మింగ్‌హామ్,
అక్టోబరు 8.

మీ మీద కోపం తెచ్చుకుందామని కూర్చుని తెచ్చుకోలేకపోయిన మనస్విని రాసేది:

అంకుల్,

వాన్ ఖాళీగా తిరిగొచ్చింది. డ్రైవరు చేతిలో మాత్రం ప్రసాదం పొట్లం ఉంది.

నేనే వచ్చి అంగుళం కదుపుతాను, నాకు శిక్షణ ఉంది అన్నాను. గ్రిమ్‌షా గారు సరేనన్నారు గానీ ఏ వస్తువు కదిపినా ఫారం నింపాలి. "ఎక్కడికి" అన్న చోట "ఈశాన్యం, ఒక అంగుళం" అని రాశాను. "ఎందుకు" అన్న చోట "దేవత ఇంటికి వెళ్ళడానికి" అని రాశాను. దాంతో అది మామూలు ఫారం కాకుండా పోయింది. పూజలందుకునే వస్తువులకి మాకు వేరే నియమాలున్నాయట. ఎప్పుడో ఎవరో రాసి పెట్టారు, ఇంతవరకు వాడలేదు. వాటి ప్రకారం వస్తువులో నివాసం ఉన్నవారి అంగీకారం తీసుకోవాలి. సంతకం ఎవరు పెడతారంటే ఎవరికీ తెలియదు. ఫారం ఇప్పుడు ట్రస్టు దగ్గరికి వెళ్ళింది.

గడువు దాటిపోయింది అంకుల్. వస్తువు తిరిగి రాలేదన్న ఒక్క మాట చాలు నా పొడిగింపు ఆగిపోవడానికి. రాత్రి మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ ఏడ్చాను. కారణం చెబితే ఆవిడ, "తుపాకీలో అమ్మవారు ఉంటే ఏడుస్తావేంటే, దణ్ణం పెట్టుకో" అంది. సదాశివం గారు ఫోన్లో ఉద్వాసన చెప్పలేరా? మీరే ఏదో ఒకటి చేయాలి. ట్రస్టు వాళ్ళు మీ హాలుకి వచ్చి చూస్తారట. వాళ్ళతో జాగ్రత్తగా మాట్లాడండి, మీకు పుణ్యం ఉంటుంది.

మీ అమ్మాయిలాంటి,
మనస్విని

తా.క. మా ఆఫీసు కంప్యూటర్లో ప్రతి వస్తువు పక్కన "ఖాళీ / నింపి ఉంది" అని ఒక గడి ఉంటుంది, తుపాకీలో తూటా ఉందో లేదో గుర్తు పెట్టడానికి. గ్రిమ్‌షా గారు చాలాసేపు ఆలోచించి "నింపి ఉంది" అని నొక్కారు. పోలీసులు ఫోన్ చేశారు.


లీడ్స్,
నవంబరు 10.

చేతులు జోడించి, నడుం పట్టుకుని, ఉల్లిపాయ మొహం చూసి నెల దాటిన వెంకటసుబ్బారావు రాసేది:

అమ్మా మనస్వినీ,

మీ తుపాకీని తీసుకుపో తల్లీ.

అమ్మవారు ఉన్నన్నాళ్ళూ నిత్యనైవేద్యం తప్పదు. ప్రభావతి తెల్లారకముందే లేచి, తలస్నానం చేసి, మడి కట్టుకుని, పొంగలో పులిహోరో చేస్తుంది. నేను క్యారేజీ పట్టుకుని వానలో బస్సెక్కి హాలుకి వెళతాను. ఇంట్లో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. టేక్‌అవే గడప తొక్కి ఎన్నాళ్ళయిందో. సిరి "తాతా, వెన్ ఈజ్ షీ గోయింగ్ హోమ్?" అని రోజూ అడుగుతోంది. అమ్మవారి గురించి అంత మాట అనొచ్చా అని కసురుకుంటాను గానీ, నాకూ అదే సందేహం. మావాడు అందరికీ కలిపి సెలవులకి టెనెరీఫ్ దీవికి టికెట్లు కొన్నాడు. "అమ్మవారిని ఒంటరిగా వదిలేసి సముద్ర స్నానాలా?" అని ప్రభావతి పెట్టె సర్దడం ఆపేసింది.

ట్రస్టు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. జుంబా రోజున వచ్చారు కాబట్టి హాలంతా జనమే. జాగ్రత్తగా మాట్లాడమన్నావు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను తల్లీ, నాకు ఇంకోలా మాట్లాడడం రాదు. తుపాకీలో అమ్మవారు ఉన్నారని, కదిపితే వెళ్ళిపోతారని, కదిపే అర్హత ఈ దేశంలో మనస్వినికి తప్ప ఇంకెవరికీ లేదని చెప్పాను. వాళ్ళు పొంగలి తింటూ అన్నీ రాసుకున్నారు. నేను నీ పని చెడగొట్టానేమోనని అప్పట్నించీ ముద్ద దిగడం లేదు.

సదాశివం గారు గురువారం ముహూర్తం పెట్టారు, డ్యూటీ కూడా మార్చుకున్నారు. ఆ అంగీకారం సంతకం నేనే పెడతాను, తప్పయితే పాపం నాకే. నువ్వు వచ్చి ఒక్క అంగుళం కదిపి వెళ్ళు.

మోకాళ్ళు అరిగిపోయిన,
వెంకటసుబ్బారావు

తా.క. క్రాంతికి కోశాధికారి పదవి తిరిగి ఇచ్చాం. నైవేద్యం ఎయిర్ ఫ్రయర్లో చేస్తే తొందరగా అవుతుందన్నాడు. పదవి మళ్ళీ తీసేశాం.


బర్మింగ్‌హామ్,
నవంబరు 13, గురువారం.

నన్ను ఈ దేశంలో నిలబెట్టిన వెంకటసుబ్బారావు అంకుల్‌కీ, ప్రభావతి ఆంటీకీ సాష్టాంగ నమస్కారం.

అంకుల్, మీరు నా పని చెడగొట్టలేదు. మీ ఉత్తరం, ట్రస్టు వాళ్ళ ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. ముందు వాళ్ళది విప్పాను. ఇన్నేళ్ళలో వాళ్ళ సొమ్ముతో పంపిన ఏ వస్తువు చుట్టూ ఇంతమంది ఇంత ఇష్టంగా తిరగడం వాళ్ళు చూడలేదట. పూజలందుకుంటున్న వస్తువుని వెనక్కి తేవడం నియమాలకి విరుద్ధమట. దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి, ముట్టుకునే అర్హత ఉన్న ఏకైక వ్యక్తిని అక్కడే నియమించారు. ఆ వ్యక్తి నేనే. ఎంతకాలం అన్న చోట వాళ్ళు రాసింది మాట మార్చకుండా రాస్తున్నాను: "దేవత వస్తువులో నివాసం ఉన్నంత కాలం."

బస్సులో చదివి ఏడ్చేశాను. పక్కన కూర్చున్న ముసలావిడ టిష్యూ ఇచ్చింది. ఆ రోజు హాల్లో మీరు చెయ్యి వెనక్కి తీసుకున్నారు చూడండి, ఆంటీ పట్టుకుని ఆపారు చూడండి, నా జీవితంలో నాకోసం ఎవరూ అంత పని చేయలేదు. ముఖం కూడా చూడని పిల్లకోసం అమ్మవారినే ఆపేశారు. మిమ్మల్ని నేను ఎప్పటికీ మరిచిపోను.

ఆ తర్వాత మీ ఉత్తరం విప్పాను.

అంకుల్, గురువారం అంటే ఈ రోజే. నేను రాలేదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వచ్చే గురువారం కూడా రాను. ముహూర్తం ఎంత మంచిదైనా రాను. ఉన్నదున్నట్టు చెప్పడం మీ దగ్గరే నేర్చుకున్నాను గనక చెబుతున్నాను: ఆ తుపాకీ కదిలిన రోజున నా వీసా కూడా కదులుతుంది. సదాశివం గారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. ఆయన మార్చుకున్న డ్యూటీ మళ్ళీ మార్చుకోవచ్చు గదా.

అలాగని మిమ్మల్ని వానలో వదిలేస్తానా? నైవేద్యం ఇక నా ఉద్యోగంలో భాగం, కాగితం మీద ఉంది. పొంగలి నాకు వచ్చు. పులిహోర ఆంటీ దగ్గర నేర్చుకుంటాను. మీరు హాయిగా టెనెరీఫ్ వెళ్ళి రండి, సిరికి ఉల్లిపాయ పకోడీలు తినిపించండి. కాకపోతే నేను వస్తువుకి దగ్గర్లోనే ఉండాలని ఒక షరతు పెట్టారు. చిరునామా అడిగితే గ్రిమ్‌షా గారు ఫైలు చూసి మీ ఇంటిదే రాసేశారు. మేడ మీద చిన్న గది ఖాళీగా ఉందని హైమ ఆంటీ చెప్పారు. ఆదివారం సామానుతో దిగుతున్నాను.

మీ ఇంటి మనిషి,
మనస్విని

తా.క. పెట్టె దుమ్ము తుడవడం కూడా నా పనే. ఆంటీని కంగారు పడొద్దని చెప్పండి. ఎప్పుడూ ఈశాన్యం వైపు నిలబడే తుడుస్తాను. పొరపాటున జరిగినా అమ్మవారు నైరుతికే జరగాలి.